గుడ్డలు కుక్కిన వెంటిలేటర్

పిచ్చుక దూరే కంత అది, పిచ్చుక దూరగలిగాక గాలి దూరదా, గాలి దూరాక ఇంకేదైనా దూరుతుంది, ఆ మాత్రం ఇంగితం లేని మేస్త్రీ ఎవడో గానీ ఇంత మేడ కట్టి, నాలుగో అంతస్తులో ఈ గదికి నాలుగు పక్కలా సిమెంటు మెత్తి, రంగేసి, తీరా తలుపు నెత్తిన జానెడు కంత వదిలేసి పోయాడు, అడిగితే దాన్ని వెంటిలేటర్ అంటారట, పేరు పెట్టినంత మాత్రాన కంత కంత కాకుండా పోతుందా, వాడి పెళ్ళాం ఎప్పుడైనా పురుడు పోసుకుని ఉంటే తెలిసేది, పచ్చి బాలింత పడుకున్న మంచానికి ఎదురుగా ఆకాశం కనబడే కంత ఉండకూడదని, అనుకుంటూ బెలైనెష్ కుంపటి ముందు పొట్టి పీట మీద కూర్చుని మెడ ఎత్తి చూసింది, కూతురి పురిటికని వచ్చిన రోజే తను కుక్కిన పాత గుడ్డలు గట్టిగానే ఉన్నాయి, ఒక పీలిక మాత్రం జారి వేలాడుతోంది, దాన్ని కూడా లోపలికి తోసెయ్యాలి, ఈ అద్దిస్ పట్నం వాన ఒకటి, మెంజ్ కొండల్లో వాన కురిస్తే కురుస్తుంది, వెలిస్తే వెలుస్తుంది, ఇక్కడ పొద్దున్నుంచీ ముక్కుతూ మూలుగుతూ ఏడుస్తూనే ఉంటుంది, అలాంటి వానలో, ఆగస్టు చలిలో, కూతురు సెలామా లేచి వెళ్ళి కిటికీ రెక్క బార్లా తీసి నిలబడింది, బాలింత, నెల తిరగని పసిగుడ్డు పక్కలో ఉండగా, తను వంటింట్లో గెన్ఫో సంకటి కలియబెడుతూ ఉంది, బార్లీపిండి ఉండ కట్టకూడదంటే చెయ్యి ఆపకూడదు, అయినా మెడ మీద చల్లగా తగలగానే గరిటె అక్కడ పారేసి పరుగెత్తుకొచ్చింది, ఏం చేస్తున్నావే నువ్వు, బుద్ధుందా, అంటే, తల పగిలిపోతోందమ్మా, కాస్త గాలి రానీ, ఊపిరాడ్డం లేదు, అంటుంది, ఊపిరాడకపోతే మాటలెలా వస్తున్నాయి, నా మీద విసుక్కోడానికి మాత్రం ఊపిరి బాగానే ఆడుతోంది, అని కిటికీ మూసి, గడియ వేసి, దాని మీద దెబ్రె బెర్హాన్ నుంచి తను కప్పుకొచ్చిన నాలుగు మడతల తెల్ల దుప్పటి రెండు మేకులకి తగిలించేసింది, ఇప్పుడు రానీ, చూస్తాను గాలి ఎలా వస్తుందో.

తల పగులుతోందట, పగలదూ మరి, బాలింత తలకి గుడ్డ బిగించి కట్టుకోమంటే మాట వినదు, దిష్టి తగలకుండా తలగడ కింద కత్తి పెడితే పిల్లకి గుచ్చుకుంటుందని తీసుకెళ్ళి దాంతో ఉల్లిపాయలు తరుగుతుంది, గాలి సోకిన తల పగలక నవ్వుతుందా, ఏమంటావమ్మా అస్నకెచ్, అని పక్కింటావిడ కేసి తిరిగింది, అస్నకెచ్ ఎప్పుడూ ఎవరేమన్నా అవునంటుంది, అది ఆవిడ సుగుణం, అంతే కదక్కా, ఈ కాలం పిల్లలకి గాలి పిచ్చి పట్టింది, మా కోడలూ ఇంతే, చంటాణ్ణి తీసుకెళ్ళి ఎండలో పెడుతుంది, అడిగితే డాక్టరు చెప్పాడంటుంది, డాక్టరేమన్నా వచ్చి రాత్రంతా ఎత్తుకుంటాడా, అంది పేలాలు నోట్లో వేసుకుంటూ, ఆ మాటకి బెలైనెష్‌కి కడుపు నిండినట్టయింది, విన్నావటే, పక్కింటావిడ కూడా నా మాటే అంటోంది, అని మంచం వైపు చూస్తే సెలామా గోడ వైపు తిరిగి పడుకుంది, పడుకో, నీ జవాబు ఎవరికి కావాలి, అని ఇనప పెనంలో కాఫీ గింజలు పోసి వేయించడం మొదలుపెట్టింది, పచ్చగింజలు గోధుమరంగు తిరిగి, చిటపటలాడి, నల్లగా నూనె కక్కేదాకా, బొగ్గు ముందే బాల్కనీలో రాజేసి ఎర్రగా కణకణలాడాకే లోపలికి తెచ్చింది, నల్లబొగ్గుతో కుంపటి గదిలో పెడితే పొగ, పొగ పసిదాని కళ్ళకి చేటు, ఆ మాత్రం తనకి తెలియదనుకుంటారు కాబోలు చదువుకున్నవాళ్ళు, ఎర్రబడ్డ బొగ్గుకి పొగ లేదు, పొగ లేని చోట కీడు లేదు, ఇది తనకి తన తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది, వాళ్ళంతా పిల్లల్ని కని పెంచినవాళ్ళే, కిటికీలు తెరుచుకుని కాదు, మొన్న వచ్చేటప్పుడు బస్సులో కూడా ఒక కళ్ళజోడు పెద్దమనిషి ఇలాగే కిటికీ అద్దం జరిపాడు, బస్సంతా ఒక్క గొంతయింది, ముయ్యవయ్యా బాబూ, మెడ పట్టేస్తుంది, చెవిలో దూరుతుంది, ముసలి పూజారి ఒకాయన శాలువా ముక్కుదాకా లాక్కుని ఆ మనిషి మీద శిలువ గుర్తు వేశాడు, అయినా ఆ మనిషి తగ్గడే, ఇక్కడ దగ్గేవాళ్ళున్నారండీ, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నాం, అన్నాడు, నీ ఊపిరి నువ్వే పీల్చుకో నాయనా, మా ఊపిరి జోలికి నువ్వు రాకు, అన్నది తనే, బస్సంతా ఘొల్లున నవ్వింది, డ్రైవరు కూడా నవ్వాడు, కళ్ళజోడాయన మొహం ఎర్రగా చేసుకుని అద్దం మూశాడు, అలా ఉండాలి, నలుగురూ ఒక మాట మీద ఉంటే ఏ గాలీ రాదు.

ఆస్పత్రిలో నర్సు దగ్గర మొదలైంది ఇదంతా, ఇంటికి తీసుకెళ్ళాక గదిలో బొగ్గు కుంపటి పెట్టకండమ్మా, కిటికీ తీసి ఉంచండి, గాలి రావడానికో దారి, పోవడానికో దారి ఉండాలి, ఒక్కటే ఉంటే చాలదు, అని గోడ మీద బొమ్మ చూపించింది, బొమ్మలో ఒక ఇల్లు, ఇంట్లోకి ఒక పక్కనుంచి నీలం బాణాలు వచ్చి రెండో పక్క పైనున్న కంతలోంచి వెళ్ళిపోతున్నాయి, బాణాలట, గాలిని బాణాలుగా గీసి గోడకి అంటించుకుని మళ్ళీ దాన్ని ఇంట్లోకి పిలవమంటారు, బాణం తగిలితే ఏమవుతుందో అడవిలో జింకని అడిగినా చెబుతుంది, వచ్చిపోడానికి గాలేమైనా చుట్టమా తల్లీ, అని తను అడిగితే నర్సు నవ్వి, చుట్టం కంటే మేలమ్మా, చుట్టం వస్తే కాఫీ కాచాలి, గాలికి ఏమీ పెట్టక్కర్లేదు, పైగా ఇంట్లో ఉన్న చెడునంతా మోసుకుపోతుంది, అంది, మా ఇంట్లో చెడేముంది, గుమ్మానికి శిలువ ఉంది, బుధవారం శుక్రవారం ఉపవాసం ఉంటాం, మా ఇంట్లో చెడేముందని మోసుకుపోతుంది, అని తనంటే, అప్పుడు సెలామా నవ్వింది, తల్లి పక్కన నిలబడాల్సిన పిల్ల నర్సు పక్కన చేరి కిసుక్కుమంది, ఆ నవ్వు ఇంకా ఇక్కడ, రొమ్ముటెముక కింద, గుచ్చుతూనే ఉంది, పెళ్ళీ పెటాకులూ లేని ఆ నర్సు పిల్ల, తనకి పురుడు గురించి చెబుతుంది, తాతకి దగ్గులు నేర్పినట్టు, అల్లుడు యారెద్ మాత్రం తక్కువ తిన్నాడా, లారీ తీసుకుని జిబూతి దారి పట్టేముందు, అత్తయ్యగారూ, నర్సు చెప్పినట్టు చెయ్యండి, అన్నాడు, అత్తయ్యగారూ అని గారు పెట్టి అన్నాడు కాబట్టి ఊరుకుంది, వాడి లారీ వెనకాలే బాల్కనీ తలుపు కూడా బిగించేసింది.

అనుభవించినదాన్ని అడగాలి గాలి సంగతి, ఆ గుడ్డలు కుక్కిన చెయ్యి ఎందుకు కుక్కిందో అడగాలి, సెలామాకి తెలుసు, తనకి ముందొకడు పుట్టాడనీ, నలభయ్యో రోజు రాకుండానే పోయాడనీ తెలుసు, నలభయ్యో రోజుకి గాని మగపిల్లాడికి బాప్తిస్మం లేదు, బాప్తిస్మం లేనిదే పేరు లేదు, అందుకని వాడు వాడే, ఇన్నేళ్ళయినా పిలుచుకోడానికి ఒక పేరైనా లేదు, తొలి కానుపు పుట్టింట్లో జరగాలి, ఆ ఏడు వానలకి కొండదారి తెగిపోయింది, ఇక్కడే పోసుకో పురుడు, మా ఇల్లేమన్నా గడ్డికొంపా, అంది తన అత్తగారు దింకె, దెబ్రె బెర్హాన్‌లో ఆవిడ రేకుల ఇల్లంటే ఆవిడకి తగని అతిశయం, గోడలకి పాత పేపర్లు పిండి జిగురుతో పొర మీద పొర అతికించేది, రేకుకీ గోడకీ మధ్య సందులో కూడా, వెంట్రుక దూరేంత చోటు లేకుండా, ఒక్క కిటికీ, చెక్కరెక్కది, దానికి ఇనప గడియ, ఏం చేసినా చెయ్యి, ఆ గడియ మాత్రం తియ్యకు, అని మంచం పక్కన కుంపటి పెట్టి, ఎర్రటి బొగ్గులు నింపి, వాకిలి మూసి, మరియమ్మ ఉపవాసాల పూజకని చర్చికి వెళ్ళింది, తిరిగొచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది, కోడలు కిటికీ కింద కూలబడి వాంతి చేసుకుంటోంది, పిల్లాడు ఒళ్ళో చల్లగా ఉన్నాడు, తెరిచావా, తెరిచావటే రాక్షసీ, వద్దని మొత్తుకుంటే తెరిచావా, నా వంశాన్ని గాలికిచ్చావు కదే, అని గుండెలు బాదుకుంది, ఆ మాట గోడలు దాటింది, కొళాయి దగ్గర అదే మాట, కాఫీల దగ్గర అదే మాట, ఓదార్చడానికి వచ్చినవాళ్ళు కూడా ముందు కిటికీ వైపు చూసి తర్వాత తన వైపు చూసేవాళ్ళు, మొగుడు ఏమీ అనలేదు, ఏమీ అనకపోవడం కూడా అదే మాట, చివరికి తనూ అదే చెప్పడం నేర్చుకుంది, ఎవరడిగినా, నేనే తెరిచాను, గాలి కొట్టింది, పోయాడు, చెప్పగా చెప్పగా ఆ మూడు మాటలూ వాగులో రాళ్ళలా నున్నబడ్డాయి, నోట్లోంచి తడుముకోకుండా వచ్చేస్తాయి, అలాంటి దానికి ఎవరో గోడ మీద బొమ్మ చూపించి గాలి మంచిదంటే ఒళ్ళు మండదా, మంచిదైతే వాణ్ణి తెచ్చివ్వమనండి.

అక్కా, నేనిక వెళ్తాను, అంది అస్నకెచ్, వెళ్తానంటే ఎలా, ఇంకా కాఫీ రెండో విడతే అయింది, మూడో విడత బరకా, దీవెన విడత, అది తాగకుండా లేచి వెళ్తే ఇంటికి దీవెన ఇవ్వకుండా పోయినట్టే కదా, పైగా పసిబిడ్డ ఉన్న ఇల్లు, ఏమ్మా, నా కాఫీ అంత చేదయిందా, అంటే, అదేం లేదక్కా, తల దిమ్మెక్కింది, కళ్ళు తిరుగుతున్నాయి, మీ మెంజ్ వాళ్ళ కాఫీ మరీ ఘాటు, అని నవ్వబోయి, గోడ పట్టుకుని లేచి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిలబడి వెళ్ళిపోయింది, ఘాటట, పుట్టి బుద్ధెరిగాక తన కాఫీని ఘాటన్నవాళ్ళు లేరు, నీళ్ళ కాఫీ తాగే అద్దిస్ వాళ్ళకి కాఫీ అంటే ఏమిటో తెలిస్తే కదా, అవునక్కా అవునక్కా అంటూనే బరకా ఎగ్గొట్టి పోయింది, ఇలాంటివాళ్ళనే నమ్మకూడదు, ఎదురు చెప్పేవాళ్ళు నయం, పోతూ పోతూ తలుపు తెరిచిన ఆ కాసేపట్లోనే మెట్ల మీది చలి బుస్సున లోపలికి దూకింది, బెలైనెష్ గోనెసంచి మడిచి తలుపు కింద సందులో కాలితో తొక్కి పెట్టింది, పెట్టి నిటారుగా నిలబడేసరికి తలలో ఎవరో సుత్తితో కొట్టినట్టయింది, కోపం, ఇంకేమిటి, పొద్దున్నుంచీ ఈ పిల్ల తెప్పించిన కోపం తలకెక్కింది, బరకా ఎవరూ తాగకపోతే తనే తాగుతుంది, అని మట్టి కూజాలో మళ్ళీ నీళ్ళు పోసి, కుంపటిలో ఇంకో గుప్పెడు బొగ్గు వేసి, ఈసారి బాల్కనీలోకి వెళ్ళే ఓపిక లేక అక్కడే విసురుతూ కూర్చుంది, బొగ్గు మీద నీలం మంట చిన్నగా ఆడుతోంది, పురుగులా.

సెలామా నిద్రపోయింది, చూడు, ఊపిరాడని పిల్ల ఎంత హాయిగా నిద్రపోయిందో, బుగ్గలు గులాబీరంగు తిరిగాయి, పెళ్ళినాడు కూడా అంత కళ లేదు, పక్కన పాప కూడా చప్పుడు లేకుండా పడుకుంది, ఇందాకటిదాకా కాకిపిల్లలా అరిచింది, గది వెచ్చబడ్డాక ఎవరో నోటి మీద చెయ్యి వేసినట్టు ఊరుకుంది, ఇదీ గెలుపంటే, ఏ నర్సు ఊరుకోబెట్టగలదు ఇలా, తనకి రెండో కానుపు ఇలాగే జరిగింది, మొదటివాడు పోయాక మళ్ళీ ఆ రేకుల ఇంట్లో కననని మొండికేసి, నిండు నెలల్తో కొండెక్కి, మెంజ్‌లో అమ్మ గుడిసెలో కన్నది సెలామాని, ఆ గుడిసెకి కిటికీయే లేదు, అది కదా అసలు మాట, ఆ గుడిసెకి అసలు కిటికీయే లేదు, పగలూ రాత్రీ నట్టింట్లో పొయ్యి మండుతూనే ఉండేది, ఆవులూ మేకలూ పక్కనే, పిల్ల రాయిలా పెరిగింది, కిటికీ ఉన్న ఇంట్లో పుట్టినవాడు పోయాడు, కిటికీ లేని ఇంట్లో పుట్టింది బతికింది, ఇంతకంటే రుజువేం కావాలి, లేస్తే చెబుతాను, నువ్వు కిటికీ లేని ఇంట్లో పుట్టావు కాబట్టే బతికావే, నీ నర్సుకి చెప్పు ఆ మాట అని చెబుతాను, ఆ గుడిసె ఎంత బావుండేదో, పొద్దున్నే కళ్ళు తెరిస్తే గడ్డికప్పులోంచి ఎండ సూదుల్లా దిగేది, అక్కడొకటి, ఇక్కడొకటి, పిల్ల మొహం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేది తను, గోడకర్రల మధ్య పేడమట్టి రాలిపోయి అవతలి కోళ్ళు కనబడేవి, అమ్మా, ఈ గోడ మెత్తించరాదూ, అంటే, ఇల్లు ఊపిరి పీల్చుకోవద్దటే, అనేది అమ్మ, ఇంటికి ఊపిరేమిటి, ముసలిదాని మాట, నవ్వుకునేది తను, నీళ్ళకని వాగుకి వెళ్ళి కొండ మీంచి వెనక్కి చూస్తే గుడిసె నెత్తి మొత్తం, ఒక్క చోటని కాదు, కప్పు గడ్డి అంతటా, పొగ ఆవిరిలా పైకి లేస్తూ ఉండేది, పొయ్యి మీంచి దించిన గిన్నెలా, లోపలి పొగంతా పైకి, లోపలి పొగంతా, అంటే కిటికీ లేకపోవడమేమిటి, ఆ ఇల్లంతా కిటికీయే కదా, అమ్మ గుడిసెకి గోడంతా కంతలే కదా, కప్పంతా కంతలే కదా, పేపర్లు అతికించింది దింకె అత్తగారు, వెంట్రుక దూరేంత చోటు లేకుండా, ఇక్కడ సిమెంటు మెత్తాడు మేస్త్రీ, మెత్తి తలుపు నెత్తిన ఒక్క కంత వదిలిపెట్టాడు పాపం, దాంట్లో గుడ్డలు కుక్కింది.

పాప ఏడవడం లేదు, ఎంతసేపయింది ఏడ్చి, పాలకైనా ఏడవాలి కదా, లే సెలామా, పిల్లకి పాలివ్వు, అంటే సెలామా ఏదో అంది, తాగినవాడి మాటలా నాలుక మడతపడింది, కళ్ళు తెరవలేదు, బెలైనెష్ లేవబోతే మోకాళ్ళు తనవి కావు, మంచం పట్టీ పట్టుకుని వంగి చూసింది, పాప నోరు కొద్దిగా తెరిచి ఉంది, చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా పడింది, ఎంత చక్కని రంగు బుగ్గలకి, ఎంత నిశ్శబ్దంగా, నిద్ర కాదు ఇది, ఈ నిశ్శబ్దం తనకి తెలుసు, ఈ నిశ్శబ్దంలో తను ఇంతకు ముందొకసారి నిలబడింది, తలలో ఇదే సుత్తి, నోట్లో ఇదే చేదు, కాళ్ళలో ఇదే నీరసం, ఒద్దు, తండ్రీ, ఒద్దు, మళ్ళీ ఒద్దు, చెయ్యి తనకంటే ముందు గుర్తుపట్టింది, దుప్పటిని మేకులతో సహా ఊడబెరికి, గడియ గుంజి, రెక్క బార్లా తోసి, బాల్కనీ తలుపు కాలితో తన్ని, పిల్లని ఎత్తుకుని వాన జల్లులోకి మొహం పెట్టి, ఏడువు, ఏడవ్వే తల్లీ, నన్ను తిట్టు, నీ అమ్మమ్మని తిట్టు, అని పిల్లని బాల్కనీలో పడుకోబెట్టి, వెనక్కి వచ్చి సెలామాని చంకల కింద చేతులు పెట్టి ఈడ్చుకుపోయి బాల్కనీ గట్టుకి చేర్చి, కుంపటిని పైట కొంగుతో పట్టుకుని వానలో బోర్లించింది, బొగ్గులు చుయ్యిమన్నాయి, చెయ్యి కాలింది, కాలనీ, చీపురు కర్రతో వెంటిలేటర్‌లో గుడ్డల్ని పొడిచింది, పొడిస్తే ఒక్కొక్కటీ జారి నెత్తిన పడ్డాయి, ఎన్ని కుక్కిందో, ఎంత శ్రద్ధగా కుక్కిందో ముదనష్టపు చెయ్యి, చివరిది ఊడగానే గదిలోంచి గాలి చేపపిల్లలా అటు దూరి పోయింది, బాల్కనీలోంచి వచ్చి ఆ కంతలోంచి పోయింది, రావడానికో దారి, పోవడానికో దారి, పాప మొహం మీద చినుకు పడింది, మొహం ముడుచుకుంది, ముడుచుకుని, నీలిగి, సన్నగా, పిల్లి కూసినట్టు, తర్వాత కాకిలా, తర్వాత ఈ మేడంతా వినబడేలా ఏడిచింది.

తలుపు తోసుకుని అస్నకెచ్ వచ్చింది, అయ్యో అయ్యో అక్కా, పిచ్చెక్కిందా నీకు, పసిబిడ్డని వానలో పెడతావా, గాలి కొట్టి చస్తుంది, అంటూ కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది, ముయ్యకు, నీ చెయ్యి విరగ, ముయ్యకు దాన్ని, అని బెలైనెష్ అరిచిన అరుపుకి అస్నకెచ్ చెయ్యి గాల్లోనే ఆగింది, జన్మలో మొదటిసారి అవునక్కా అనలేదు, సెలామా గట్టుకి ఆనుకుని వాంతి చేసుకుంది, చేసుకుని, అమ్మా, పాప, అంది, అరుస్తోంది తల్లీ, నీలాగే నా మీద అరుస్తోంది, ఆస్పత్రికి పోదాం, అస్నకెచ్, నిలబడి చూస్తావేం, కింద టాక్సీ ఆపు, నీకూ తల తిరిగింది కదా, కాఫీ ఘాటు కాదే పిచ్చిదానా, కుంపటి, నువ్వూ రా.

నీలం లాడా టాక్సీ, గుడ్డతో తుడిచినా తడి ఆరని సీట్లు, వెనక సెలామా తన భుజం మీద తల వాల్చుకుని, ఒళ్ళో పాప ఏడ్చి ఏడ్చి వెక్కుతూ, అటు పక్కన అస్నకెచ్ ప్రార్థన చదువుకుంటూ, అద్దాలు నాలుగూ బిగించి ఉన్నాయి, బాబూ, ఈ అద్దం దించు, అంటే డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు, పెద్దమ్మా, పసిబిడ్డ ఉంది కదా, గాలి కొడుతుంది, అన్నాడు మర్యాదగానే, పాపం వాడికేం తెలుసు, వాడి తల్లి వాడికి అదే చెప్పి ఉంటుంది, అయినా ఒళ్ళు మండింది, నిన్నెవరడిగారు పసిబిడ్డ సంగతి, అద్దం తిప్పే పిడి ఊడదీసి దాచుకున్నావు కదూ, అదిలా ఇయ్యి, అని చెయ్యి చాచింది, వాడు గొణుక్కుంటూ డాష్‌బోర్డులోంచి పిడి తీసి ఇచ్చాడు, కాలిన చేత్తోనే తన పక్క అద్దం దించింది, అస్నకెచ్, అటు పక్కది కూడా దించు, ఒక్కటి చాలదు, అని పిడి అందించింది, వాన చల్లగా లోపలికి వచ్చి పాప వెంట్రుకల్ని ఎగరేసి అటు పోయింది, పాప వెక్కుతూనే ఉంది, వెక్కనీ, ఎంత వెక్కితే అంత మంచిది, బతికినవాళ్ళే వెక్కుతారు, వాడు వెక్కలేదు, ఆ రేకుల ఇంట్లో వాడు పొద్దున్నుంచీ కీచుగా ఏడుస్తూ ఏడుస్తూ ఉండి, అత్తగారు వాకిలి మూసుకుని వెళ్ళాక కాసేపటికి ఊరుకున్నాడు, హమ్మయ్య, వెచ్చగా నిద్రపోయాడు అనుకుంది తను, అనుకుని కళ్ళు మూసింది, తలలో సుత్తి, కళ్ళు తెరిచి వాణ్ణి తడిమింది, చెయ్యి గుడ్డపీలికలా పడింది, అప్పుడు కదా లేచింది, అప్పుడు కదా మోకాళ్ళ మీద పాకింది, వాణ్ణి ఒక చేత్తో గుండెకి అదుముకుని రెండో చేత్తో గడియ కోసం వెతికింది, ఏడువు నాన్నా, ఏడువు, అంటూనే తీసింది, ఇవాళ అన్న మాటే, ముప్పై ఏళ్ళు కొళాయి దగ్గరా కాఫీల దగ్గరా అందరూ ఒక వరసలో చెప్పారు, తనూ అదే వరసలో చెప్పింది, తెరిచాను, గాలి కొట్టింది, పోయాడు, ఎవరమ్మా మార్చింది ఆ వరస, దింకె అత్తా, నువ్వు వచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది, అంతే నువ్వు చూసింది, అంతకు ముందు ఏం జరిగిందో నువ్వు చూడలేదు, చూసినదాన్ని నేను, నన్ను ఒక్కరూ అడగలేదు, నన్ను నేనైనా అడగలేదు, నిండా మూసిన గదిలో నువ్వు నింపిన ఎర్రబొగ్గుల పక్కన వాడు ముందే ఊరుకున్నాడు, ఊరుకున్నందుకే నేను లేచాను, వాడికి ఊపిరి ఇవ్వడానికే తెరిచాను ఆ కిటికీ.